మూడో మెట్టు మీద కూర్చున్నాయన

మా ఇంటికి పద్నాలుగు మెట్లు. కింద కుట్టుకొట్టు, పైన మేం ఉండే రెండు గదులు. మెట్లకి ఎడమపక్క గోడ, కుడిపక్క ఖాళీ. రెయిలింగు పెట్టిద్దామని ఇల్లు కట్టినప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాం. వయసులో ఉన్నప్పుడు వాటిని మెట్లనే అనుకోలేదు మరి. ఒక చంకలో బట్టల మూట, ఇంకో చంకలో పిల్ల, పళ్ళ మధ్య సూది పెట్టుకుని గబగబా దిగిపోయేదాన్ని.

మా ఆయన్ని వీధంతా మాస్టారంటారు. బడి మాస్టారు కాదు, కుట్టుపని మాస్టారు. నేనూ కొట్లో ఉన్నంతసేపు మాస్టారనే అంటాను, పైకొచ్చాక ఏమండీ అంటాను. కోతంతా ఆయనది. కాజాలు, గుండీలు, అంచులు, ఇస్త్రీ నావి. నలభై రెండేళ్ళు అలాగే నడిచింది.

ఏడేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే రాసుకోవడం మొదలెట్టాయి. చేతిలో సుద్దముక్క నలుపుతున్నట్టు. సుద్ద అక్కడ పెట్టొచ్చారు కదా, ఇంకా ఏం నలుపుతున్నారంటే, అలవాటే అన్నారు. తర్వాత కొలతల పుస్తకంలో అంకెలు చిన్నవైపోయాయి. రానురాను ఆవగింజలంత అయ్యాయి. అప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే పార్కిన్సన్స్ అని చెప్పింది. వణుకుడు జబ్బు. తగ్గేది కాదు, మందుతో నెట్టుకురావాల్సిందే అంది. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఏడింటికి ఒక్కో మాత్ర. తిండికి అరగంట ముందు. అదీ లెక్క.

నా చదువు మూడో తరగతితో సరి. పెద్దక్షరాలైతే కూడబలుక్కుంటాను, మందుసీసాల మీద చీమల బారులా ఉండేవి నావల్ల కాదు. దానికి నేనేం బెంగ పెట్టుకోలేదు. కొట్లో కూడా మూటల మీద పేర్లు రాసే అలవాటు మాకు లేదు. బట్ట తెచ్చినవాళ్ళ మూటకి దారం కట్టి, ఆ దారానికి ఒక గుండీ తగిలించేదాన్ని. ఒక్కో మనిషికి ఒక్కో గుండీ. పోస్టాఫీసాయనకి ఇత్తడిది, పళ్ళ డాక్టరుకి ఎర్రది, పక్కవీధి లావుపాటావిడకి నాలుగు కన్నాలది. గుండీ చూస్తే మనిషి, ఆ మనిషి భుజం వాలు, కిందటిసారి ఏం కుట్టించుకున్నదీ అంతా గుర్తొచ్చేది. మాస్టారు నవ్వేవారు. "నీకు తలకాయ బదులు గుండీల డబ్బా పెట్టి పంపించారే" అనేవారు. డబ్బా అయితేనేం, ఒక్క మూట కూడా ఒకరిది ఇంకొకరికి పోలేదు.

అందుకని మందుసీసా మెడకి కూడా నల్లగుండీ కట్టాను. ఏడేళ్ళు ఏ గొడవా లేదు.

మాకు ఒక్కతే కూతురు. నాలుగు వీధుల అవతల ఉంటుంది, హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మందులు తెచ్చేది తనే. ఎక్కడ అయిపోతాయోనని ఓ నెల ముందే తెచ్చి పెడుతుంది. ఆసారి మందుల షాపులో పాత కంపెనీది దొరకలేదట. షాపాయన అదే మందు ఇంకో కంపెనీది ఇచ్చాడు. అమ్మాయి బడికి వెళ్తూ వెళ్తూ వచ్చి, నేను స్నానంలో ఉంటే, "అమ్మా, మందు అలమారులో పెట్టాను" అని తలుపు బయటినుంచే చెప్పి పరిగెత్తింది. పాత మందే, సీసా వేరని తనకి తెలుసు, షాపాయనకి తెలుసు. నాకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు. అడగాలని నాకూ తట్టలేదు.

ఎందుకు తట్టలేదంటే, పాత సీసాలో మాత్రలు ఇంకా సగానికి పైనే ఉన్నాయి. అవి పసుపు. కొత్తవి లేతనీలం. అంతకు ముందు చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ, కాళ్ళు ఇంకా ఈడుస్తున్నారు, అవసరమైతే ఇంకో మందు కలుపుదాం అని నా ఎదురుగానే అంది. ఇంకేం, కలిపేసిందనుకున్నాను. మా కొట్లో గుండీ రంగు మారిందంటే మూట వేరే, మనిషి వేరే. ఒకే మనిషివి రెండు మూటలైతే రెండింటికీ ఒకటే గుండీ ఉంటుంది. సీసా వేరు, రంగు వేరు కాబట్టి దీనికి తెల్లగుండీ కట్టాను. మర్నాడు పొద్దున ఏడింటికి పసుపుదొకటి, నీలందొకటి చేతిలో పెట్టాను. ఒంటిగంటకీ అంతే. సాయంత్రమూ అంతే.

మొదటి నాలుగురోజులు చూడాలి ఆయన్ని. కాళ్ళు ఈడ్వడం లేదు. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. మెట్లు దిగి కొట్లోకొచ్చి, బీరువాలోంచి రెండేళ్ళ కిందట తనకోసం కొనుక్కున్న బూడిదరంగు కోటుగుడ్డ తీశారు. బల్లమీద పరిచి, సుద్దగీతలు గీసి, వెనకముక్క, ముందుముక్కలు కోసేశారు. కత్తెర గుడ్డలో పోతున్న చప్పుడు వినిపిస్తుంటే నేను ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడిపోయాను. రెండేళ్ళయింది ఆ చప్పుడు విని. కోటు చేతులు రేపు కోస్తానని కత్తెర పక్కన పెట్టారు.

ఒక్కటే, కూర్చున్నచోట నడుం మెలికలు తిరిగేది. మెడ పక్కకి సాగేది, భుజం దానివెనకే పోయేది.

"ఏమండీ, పాటేమైనా వినిపిస్తోందా" అన్నాను.

"నీకు వినిపించదులే. మంచి పాట" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఊగడం మందు ఎక్కువైతే వస్తుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఒంట్లో హుషారనుకున్నాను.

ఐదోరోజు మధ్యాహ్నం స్టూలు మీంచి లేచారు. లేచి ఒక అడుగు వెయ్యలేదు. మోకాళ్ళు రెండూ తడిబట్టలా మడతపడి, మనిషి అలాగే కిందికి జారిపోయారు. తల బల్ల కోడుకి వేలెడు దూరంలో ఆగింది. మొహం సుద్దలా ఉంది. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, "ఎవరైనా చూశారా" అన్నారు.

దాంతో కలిపి పన్నెండు రోజుల్లో ఐదుసార్లు పడ్డారు. నాలుగోసారి ముంజెయ్యి చీరుకుపోయింది. అమ్మాయి డాక్టరమ్మకి ఫోన్ చేసింది. గురువారం మూడింటికి తీసుకురండి, ఈలోపల మాత్రం పడనివ్వకండి అని చెప్పిందట. కిందటేడు ఎముకల ఫోటో తీసినప్పుడే చూసింది, లోపల డొల్లగా ఉన్నాయి. ఈసారి తుంటి విరిగితే మళ్ళీ నడవడం కష్టం అని అందట. ఆ మాట అమ్మాయి నాతో చెప్పేటప్పుడు ఆయన వెనకే నిలబడి ఉన్నారు. విన్నారు. ఆ పూట ఎప్పుడు లేవాలన్నా నా వంక చూశారు.

"అమ్మా, మందులు సరిగ్గానే వేస్తున్నావు కదా" అంది అమ్మాయి.

"నీ పుట్టుకకి ముందునుంచీ మూటలు కడుతున్నాను. ఒక్కటి మారిందేమో చెప్పు."

"అది కాదమ్మా. నీవల్ల కాకపోతే చెప్పు, నాన్నని మా ఇంటికి తీసుకెళ్తాను."

"నావల్ల ఎందుకు కాదూ" అన్నాను. గట్టిగానే అన్నాను. అది అక్కడితో నోరు మూసుకుంది.

బుధవారం ఇంకోటి మొదలైంది. భోజనం చేస్తూ చేస్తూ ఆయన చెయ్యి ఆపి, బీరువా పక్కకి చూశారు.

"ఆయనకి కుర్చీ వెయ్యవే. ఇందాకటినుంచీ నిలబడే ఉన్నాడు."

బీరువా పక్కన గోడే ఉంది. ఎవరూ లేరండీ అంటే నా మొహంలోకి అదోలా చూశారు, నాకేదో అయిందన్నట్టు. ఆ మధ్యాహ్నమంతా బీరువావైపు చూస్తూ, మధ్యమధ్యలో తల ఊపుతూ కూర్చున్నారు.

గురువారం ఒంటిగంటకి రెండు మాత్రలూ వేశాను. ఒకటిన్నరకి అన్నం తినిపించాను. ఇస్త్రీ లేని చొక్కాతో ఆయన ఏనాడూ గడప దాటలేదు, అందుకని తెల్లచొక్కా వేసి, బెల్టు బిగించాను. అమ్మాయి రెండింటికి ఆటో తెస్తానంది. మందుసీసాలు రెండూ గుడ్డసంచిలో వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని, తలుపు గొళ్ళెం పెట్టడానికి ఇలా తిరిగాను. గొళ్ళెం పెట్టేంతసేపే. వెనక్కి చూసేసరికి ఆయన మెట్ల దగ్గరున్నారు. కుడికాలు గాల్లో ఉంది, మొదటి మెట్టుకి జానెడు పైన.

నేను ఎలా చేరానో తెలీదు. వెనకనుంచి బెల్టు పట్టుకున్నాను. ఎడమచెయ్యి గోడకి ఆన్చాను. నా మోకాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, అరవై ఎనిమిదేళ్ళవి. ఆయన పడితే ఆపగల బలం నాకు లేదు. ఇద్దరం పోతాం.

"కాలు కింద పెట్టండి" అన్నాను.

"ఎక్కడ పెట్టను? ఆయన కూర్చున్నాడు కదా."

"ఎవరు?"

"నిన్నటాయనే. మూడో మెట్టు మీద. ఒళ్ళో మూట పెట్టుకుని."

కింద వీధితలుపు తెరుచుకుంది. అమ్మాయి తల పైకెత్తి చూసి, "నాన్నా, దిగకు, నేనొస్తున్నా" అంటూ రెండు మెట్లెక్కింది.

ఆయన ఒక్కసారి కుడిపక్కకి వంగారు. ఖాళీగా ఉన్న పక్కకి. "మెల్లిగా రావే, ఆయన కాలు తొక్కుతావు" అని, దారి ఇస్తున్నట్టు ఒళ్ళంతా అటు వాల్చారు. బెల్టు నా వేళ్ళలో కోసుకుపోయింది. ఆయన వీపు చెమటతో తడిసి చల్లగా తగిలింది. మోకాళ్ళు వణకడం నాకు బెల్టులోంచి తెలుస్తోంది. ఐదుసార్లు చూశాను ఆ వణుకు. దాని తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు.

"అక్కడే ఆగు" అన్నాను అమ్మాయితో. "ఇంకొక్క మెట్టెక్కావంటే ఊరుకోను."

"నాన్నా, అక్కడెవరూ లేరు. నన్ను చూడు. దిగు" అంది అది ఏడుపు గొంతుతో.

"కూర్చున్న మనిషిని తొక్కుకుంటూ దిగమంటావా? ఇదేనా నీకు నేర్పింది?" ఆయన గొంతు లేచింది. గొంతుతోబాటు గాల్లో ఉన్న కాలు కూడా ఊగింది.

లేరు లేరు అని ఇంకోసారి అంటే కోపంతో అడుగేసేస్తారు. ఏదో ఒకటి మాట్లాడాలి. మేం కొట్లోనే ఉన్నామనుకుని మాట్లాడాను.

"మాస్టారూ" అన్నాను. "ఆయన ఎందుకొచ్చాడట?"

కాలు ఆగింది. "కొలతలకి. ఇంకెందుకొస్తారు."

"మరి లేవమనండి, తీద్దురుగాని."

"కాలు నొప్పట. లేవలేడట."

"అయితే కూర్చున్నాయనకి నిలబడి కొలత తీస్తారా? మెడ కొలత తప్పొస్తుందని అప్పట్లో మన దగ్గరున్న పనివాళ్ళని అన్నేసి మాటలనేవారు. మీరూ కూర్చుని తియ్యండి."

ఆలోచించారు. ఎంతసేపు ఆలోచించారో. అమ్మాయి కింద రెండుచేతులూ పైకి చాపి అలాగే ఉండిపోయింది, పైనుంచి పడే మనిషిని పట్టుకోడానికన్నట్టు.

"టేపేదీ?" అన్నారు.

"మీ జేబులోనే ఉంది, ఎక్కడికి పోతుంది. కూర్చుంటే తీసిస్తాను."

గాల్లో కాలు వెనక్కొచ్చింది. నేల తగిలింది. నేను ముందు చతికిలబడి బెల్టు పట్టి కిందికి లాగాను. కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, సగం పడ్డారు. పడింది నా తొడమీద. తల నా భుజాన వాలిపోయింది. కళ్ళు తేలేశారు. పెదాల్లో నెత్తురు లేదు.

నేను కదల్లేదు. అమ్మాయిని కదలనివ్వలేదు. ఆయన చెవిలో ఏవేవో చెబుతూ కూర్చున్నాను. ఎప్పటివో పెళ్ళికోట్ల సంగతులు, ఫలానా పెళ్ళికొడుకు నడుం పెళ్ళిచూపులకీ పెళ్ళికీ మధ్య మూడంగుళాలు పెరిగిన సంగతి. చాలాసేపటికి చెంపలోకి కాస్త రంగొచ్చింది. కళ్ళు తెరిచారు. జేబులోంచి టేపు తీసి చేతికిచ్చాను. వణుకుతున్న చేత్తో దాన్ని ముందుకి చాపి, గాల్లో చుట్టి, దగ్గరికి లాక్కుని చూశారు.

"పదహారున్నర. రాసుకో."

నేను నోరు తెరిచేలోపు కిందనుంచి అమ్మాయి అంది, "రాసుకున్నాను నాన్నా."

మూడో మెట్టువైపు ఇంకాసేపు చూశారు. "వెళ్ళాడు" అన్నారు. "ఎప్పటికి తయారవుతుందో కూడా అడగలేదు. వింతమనిషి."

పద్నాలుగు మెట్లూ కూర్చునే దిగాం. ఆయన ఒక మెట్టు జరగడం, నేను పక్కన ఖాళీవైపు కూర్చుని ఒక మెట్టు జరగడం. పైనుంచి కిందికి అరగంట పట్టింది. ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ, చివరికి దిగొచ్చి గుమ్మంలో నిలబడి, మమ్మల్ని చూసి చెప్పులు విడిచి సాయం పట్టాడు.

డాక్టరమ్మ ఆయన్ని గదిలో నాలుగడుగులు నడిపించింది. వెనక నిలబడి భుజాలు పట్టి కొంచెం వెనక్కి లాగింది. ఆరోగ్యంగా ఉన్న మనిషైతే ఒకడుగు వెనక్కేసి నిలదొక్కుకుంటాడట. ఆయన చెక్కదుంగలా వెనక్కి వచ్చేశారు. పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. మెట్ల మీద మనిషి సంగతి అమ్మాయి చెప్పింది.

"జబ్బు ముదిరినట్టుంది" అంది డాక్టరమ్మ. "ఇంత తొందరగా ముదురుతుందనుకోలేదు. ఇకమీద చక్రాల కుర్చీ వాడండి, నడిపించకండి. ఆ కనిపించేవాటికి ఓ మందు రాస్తాను. దాంతో కాళ్ళూ చేతులూ ఇంకొంచెం బిగుస్తాయి, తప్పదు."

ఆయన తలవంచుకుని తన బూట్లవైపు చూసుకుంటున్నారు.

"ఈ మధ్య మందులేమీ మారలేదు కదా?" రాయబోతూ అడిగింది.

"లేదండీ" అంది అమ్మాయి. "కంపెనీ మారిందంతే. మందు అదే, ఆ ఒక్కటే."

ఆ ఒక్కటే.

నా ఒళ్ళో సంచి ఉంది. సంచిలో రెండు సీసాలున్నాయి. డాక్టరమ్మ పెన్ను కాగితం మీద పోతున్న చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు నాకు.

నిజం చెప్పాలి కదా, నాకు మొదట వచ్చిన ఆలోచన నోరు మూసుకోవడం. ఇంటికెళ్ళి సీసాలు రెండూ చెత్తబుట్టలో పడేస్తాను, నాలుగురోజులు ఏ మందూ వెయ్యను, ఒంట్లోది దిగిపోతుంది, ఆయన బాగుంటారు, ఎవరికీ తెలీదు. నలభై రెండేళ్ళు ఒక్క మూట మారలేదన్న మాట అలాగే ఉంటుంది. అమ్మాయి ఆయన్ని తీసుకుపోదు. ఇవన్నీ ఆ కాగితం మీద ఒక వరస రాసేలోపల అనుకున్నాను. రెండో వరసకి పెన్ను వచ్చింది. అది ఆయన కాళ్ళు బిగించే మందు. ముదరని జబ్బుకి.

ఆయన బూట్ల నుంచి తల ఎత్తలేదు.

"డాక్టరమ్మా" అన్నాను. "రాయకండి."

సంచి తీసి రెండు సీసాలూ బల్లమీద పెట్టాను. నల్లగుండీ, తెల్లగుండీ. "ఈ రెండూ వేస్తున్నాను. పూటకి రెండూ. మూడువారాలైంది."

అమ్మాయి కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చుంది. డాక్టరమ్మ సీసాలు ఇటూ అటూ తిప్పి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

"పడినప్పుడు ఎప్పుడెప్పుడు పడ్డారో గుర్తుందా?"

అది అడిగితే నాకు పండగే కదా. చెప్పాను. మొదటిది మంగళవారం, మధ్యాహ్నం రెండూ పది, స్టూలు మీంచి లేచి. రెండోది శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి, స్నానాల గదిలో పీట మీంచి లేచి. ఆదివారం మధ్యాహ్నం మంచం మీంచి. మంగళవారం సాయంత్రం ఎనిమిదింబావుకి భోజనం దగ్గర లేస్తూ, ముంజెయ్యి చీరుకుంది అప్పుడే. శనివారం పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ మంచం మీంచి. చెబుతూ చెబుతూ నాకే తెలిసింది. ప్రతిసారీ మాత్ర పడిన గంటకి. ప్రతిసారీ లేస్తూనే. నడుస్తూ ఒక్కసారీ పడలేదు.

డాక్టరమ్మ ఆయన్ని పడుకోబెట్టి రక్తపోటు చూసింది, నూటముప్ఫై. నిలబెట్టి, తను ఓ పక్కా నర్సు ఓ పక్కా పట్టుకుని మళ్ళీ చూసింది. ఎనభై. వెంటనే కూర్చోబెట్టింది.

"ఈ మందు లేచినప్పుడు రక్తపోటుని కిందికి లాగుతుంది. రెండింతలు పడితే ఇంకా లాగుతుంది. ఆ ఊగడం, ఆ కనిపించడం కూడా చాలావరకు దీనివల్లే అయ్యుంటుంది." నావైపు తిరిగింది. "జబ్బు లేదనడం లేదమ్మా. కానీ నేననుకున్నంత ముదరలేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. భయపడి మొత్తం మందు ఒక్కసారిగా ఆపేస్తే మనిషి కొయ్యబారిపోతారు. జ్వరం వచ్చి ప్రాణం మీదికి కూడా రావచ్చు. రోజుకింత చొప్పున నేను చెప్పినట్టు తగ్గించండి."

చెత్తబుట్ట గుర్తొచ్చి సీసాలు రెండూ ఆవిడ ముందుకి నెట్టేశాను. డాక్టరమ్మ తను రాసిన కాగితం మడిచి చించేసింది.

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం.

"ఒక్క మాట అడగొచ్చు కదమ్మా" అంది అమ్మాయి సగం దారిలో.

"ఒక్క మాట చెప్పొచ్చు కదే" అన్నాను.

మధ్యలో కూర్చున్నాయన దగ్గి గొంతు సవరించుకున్నారు.

"నలభై రెండేళ్ళకి ఒక మూట మార్చింది" అన్నారు. "పోనీలే, కస్టమర్‌ని నేనే కదా. బయటికి చెప్పను."

ఆ సాయంత్రమే అల్లుడు వచ్చి మంచం కిందికి దించాడు. కొట్లో కోతబల్ల పక్కన వేశాం. స్నానాల గది కొట్టు వెనకే, తొమ్మిది పది అడుగులు. మెట్లతో ఇక పని లేదు. మందులు నా చేతిలోంచి పోయాయి. అమ్మాయి ఆదివారం ఆదివారం వచ్చి, ఇరవై ఒక్క గదులున్న డబ్బాలో తనే సర్దిపెడుతుంది. నేను గది మూత తీసి ఇవ్వడమే. మొదటి ఆదివారం అది సర్దుతుంటే చూడలేక పైకెళ్ళి కూర్చున్నాను. రెండో ఆదివారం పక్కన కూర్చుని లెక్కపెట్టాను. అది ఒకటి తప్పు వేసింది. చెప్పాను. ఇద్దరం నవ్వలేదు గానీ, నవ్వొచ్చింది.

లేవడానికి ఒక పద్ధతి చెప్పింది డాక్టరమ్మ. పడుకున్న మనిషి ముందు కూర్చోవాలి. కాళ్ళు వేలాడేసి, పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ వంద లెక్కపెట్టాలి. బల్ల పట్టుకుని లేవాలి. లేచి కదలకుండా ఇంకో యాభై. కళ్ళు తిరిగితే కూర్చోవాలి, ధైర్యం చెయ్యకూడదు. నీళ్ళు బాగా తాగాలి.

పదిరోజులకి ఊగడం పోయింది. ఆ వచ్చే మనిషి కూడా రావడం మానేశాడు. ఒకసారి ఆయన కుర్చీవైపు అదేపనిగా చూస్తుంటే మిషను ఆపి లేచి వెళ్ళాను, తీరా చూస్తే ఆయన చూసేది కుర్చీ మీద నేను పడేసిన చొక్కా. పడటం ఆగింది. కానీ కాళ్ళు మళ్ళీ ఈడుస్తున్నారు. వేళ్ళు సుద్ద నలుపుతున్నాయి. చొక్కా గుండీలు మళ్ళీ నేనే పెడుతున్నాను.

పోయిన బుధవారం, ఒంటిగంట మాత్ర చేతిలో పెడితే నోట్లో వేసుకోకుండా అలాగే పట్టుకున్నారు.

"సాయంత్రంది కూడా ఇప్పుడే ఇవ్వు" అన్నారు.

"ఎందుకు?"

"రెండూ కలిపి వేసుకుంటాను. సాయంత్రం మానేస్తాను. లెక్క లెక్కే కదా. కోటు చేతులు కోసేసి పడుకుంటాను. మళ్ళీ అడగను."

కోతబల్ల మీద ఆ బూడిదరంగు ముక్కలు అలాగే ఉన్నాయి. చేతుల గుడ్డ మడత విప్పకుండా ఉంది.

"నేనివ్వను."

"ఒక్కరోజు. నువ్వు పక్కనే ఉంటావు కదా. పడితే పట్టుకో."

"పట్టుకోలేను. నాకు బలం లేదు. ఆరోజు బెల్టు పట్టుకుని తెలుసుకున్నాను."

"ఆ నాలుగురోజులు నేను మనిషిలా ఉన్నానే."

ఆయన చెప్పింది నిజం. ఆ కత్తెర చప్పుడు నేనూ విన్నాను. డబ్బాలో సాయంత్రం గది నా వేలికిందే ఉంది. మూత తీస్తే అమ్మాయికి కూడా తెలీదు. ఆ మూత మీద వేలు ఎంతసేపు ఉంచానో నాకే తెలుసు.

"అడిగితే ఏదైనా ఇచ్చేదాన్ని" అన్నాను. "ఇది మాత్రం ఇవ్వను." డబ్బా తీసుకెళ్ళి పైన గదిలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మళ్ళీ దిగొచ్చాను.

ఆయన ఒక్క మాత్ర వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ పూట మాటలేదు. సాయంత్రం లేదు. మర్నాడు పొద్దున లేదు. పిలిస్తే పలకరు, అన్నం పెడితే తింటారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మాస్టారు నాతో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది లేదు.

మధ్యాహ్నం రెండు దాటింది. మాత్ర పడి గంట. అంటే గండం వేళ. నేను కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉన్నాను. ఆయన పక్కకి ఒత్తిగిలి, మెల్లిగా లేచి కూర్చున్నారు. నేను లేవబోతే చెయ్యెత్తి వద్దన్నారు. కాళ్ళు వేలాడేశారు. పాదాలు పైకీ కిందికీ ఆడించారు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. బల్ల అంచు పట్టుకుని లేచారు. మోకాళ్ళవైపే చూస్తున్నాను. వణికాయి. నిలబడ్డాయి. యాభై లెక్కపెట్టుకుని బల్ల వదిలేశారు.

పట్టుకోకుండా ఉండటానికి నా చేతులు రెండూ తొడలకింద పెట్టుకున్నాను. ఆయన కొట్టు చివర వేలాడేసిన తెరకి అవతల, స్నానాల గదివైపు వెళ్ళారు. నాకు కనిపించడం మానేశారు. కాళ్ళు ఈడుస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. నాకు తెలీకుండానే లెక్కపెట్టడం మొదలెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో అడుగు రాలేదు. తెరవైపు వంగాను. వచ్చింది. నాలుగు. ఐదు. ఆరు. ఏడు.

"బయటికి లెక్కపెట్టకే" అని తెర వెనకనుంచి వినిపించింది. "పెడితే పెట్టావుగానీ, మెల్లిగా పెట్టు. నేనంత తొందరగా నడవలేను."